హద్దురాయి దగ్గర ఆగిపోయే ప్లాన్లు

ఇప్పటి వన్యప్రాణి ప్లాను పుస్తకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నున్నటి కాగితం, ఉపగ్రహం నుంచి తీసిన రంగురంగుల పటాలు, ప్రతి అధ్యాయం మొదట్లో ఒక పులి బొమ్మ. అభయారణ్యం పేరు ఒక్కటి మార్చేస్తే సగం పేజీలు ఇంకో జిల్లాకు పనికొస్తాయి. పదేళ్లపాటు ఒక అడవినీ అందులోని జీవాల్నీ నడిపించాల్సిన పుస్తకం అది. పక్క ఊళ్లో ఈ ఏడు ఏం విత్తారో, ఏ వాగు ఏ నెలలో ఎండిపోతుందో, మందల్ని ఎటునుంచి ఎటు తోలుకుపోతారో అందులో ఎంత వెతికినా దొరకదు.

నేను ఫారెస్టు గార్డుగా చేరి డిప్యూటీ రేంజరుగా దిగినవాణ్ని. కర్నూలు, కడప వైపే ఉద్యోగమంతా గడిచింది. మా రోజుల్లో ప్లానంటే టైపు మిషను మీద కార్బన్ కాగితాలు పెట్టి కొట్టిన కట్ట, దాని వెనక మడతపెట్టిన ఒక పటం. ట్రేసింగ్ క్లాత్ మీద నల్ల ఇంకుతో గీసి, చేత్తో రంగులు పూసిన పటం. ప్లాను రాసే ఆఫీసరు మొదట చేసే పని అడవిలో డేరా వేయడం. ఎండలు ముదిరినప్పుడు వచ్చేవాడు, వానలు పట్టాక మళ్లీ వచ్చేవాడు. కంపార్టుమెంటు వెంట కంపార్టుమెంటు నడిచేవాడు. రాత్రిపూట బీటు గార్డునీ, చెంచు వాచరునీ, గొర్రెల కాపరినీ డేరా ముందు కూర్చోబెట్టుకొని అడిగేవాడు. ఫలానా గుండంలో నీళ్లు ఉగాది దాకా నిలుస్తాయా? కొండగొర్రె ఏ వాలున కనిపిస్తోంది? పోయినేడు నిప్పు ఎటునుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది? కాపరి చెప్పింది తప్పనిపిస్తే తెల్లారి వాణ్నే వెంటబెట్టుకుని పోయి చూసి వచ్చేవాడు.

అప్పటి ప్లాన్లలో కలపకీ వెదురుకీ ఉన్న చోటు జంతువులకు లేదని ఇప్పటివాళ్లు అంటారు. అది నిజం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా, 1973లో ప్రాజెక్టు టైగర్ మొదలయ్యేదాకా కలప నరికే కూపుల లెక్కే ముఖ్యం. ఆ లెక్క రాసినవాడు మాత్రం ఆ కూపులో తిరిగినవాడు. చట్టం మారాక అదే నడకను జంతువుల కోసం నడవాల్సింది. దాన్ని మానేశారు.

మొన్నీమధ్య ఒక కుర్రాడు ట్యాబు పట్టుకొని మా ఇంటికొచ్చాడు. ప్లాను రాసే పని ఏదో కన్సల్టెన్సీకి అప్పగించారట, వాళ్ల తరఫున వచ్చాడు. మర్యాద తెలిసినవాడే, చదువుకున్నవాడే.

“సార్, మీ సర్వీసు టైములో డేటా ఏమైనా ఉందా సార్?”

“డేటా సంగతి తరవాత చూద్దాం నాయనా. ఒక రెండు దినాలు నాతోపాటు రా. కాపర్లను చూపిస్తా, కుంటలు చూపిస్తా.”

“శుక్రవారం లోపల డ్రాఫ్టు ఇచ్చేయాలి సార్.”

ఆ పిల్లాణ్ని నేనేమీ అనలేదు. వాడికి శుక్రవారం గడువు పెట్టినవాళ్లని అనాలి.

అడవికి గీత గీసి, గీత లోపల కాపాడితే జీవం బతుకుతుందనుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో రోళ్లపాడులో కళ్లారా చూసినవాణ్ని నేను. నందికొట్కూరు ప్రాంతం, నల్లరేగడి నేల. చెట్టూ చేమా పెద్దగా ఉండవు. చూపు ఆనినంత మేరా గడ్డి, నడుమ మెట్ట చేలు. బయటినుంచి వచ్చినవాడు దాన్ని అడవి అనడు. కానీ 1970ల చివరికి అక్కడ బట్టమేక పిట్టలున్నాయని డిపార్టుమెంటుకు గట్టిగా తెలిసింది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే బహు తక్కువ. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది మామూలుగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేలమీద. కుక్క తొక్కినా, గొర్రె తొక్కినా, నక్క చూసినా ఆ ఏడాది అంతటితో సరి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు 1980లలో అక్కడే మకాం వేశారు. అసద్ రహమానీ వంటి శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ఆ పిట్ట తిండినీ, జతకట్టే తీరునూ, గూటినీ గమనించి రాశారు. డిపార్టుమెంటు కందకం తవ్వించి, మందల్ని ఆపి, గడ్డిని నిలబెట్టింది. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం 614 హెక్టార్లు. మన లెక్కలో 1,500 ఎకరాల పైచిలుకు.

ఆ పిట్ట బతికింది ఆ 1,500 ఎకరాల్లో మాత్రమే కాదు. గుడ్డు గడ్డిలో పెట్టేది, మేతకు చేలల్లోకి పోయేది. చుట్టుపక్కల ఊళ్లలో కొర్ర, జొన్న, వేరుశనగ వేసేవాళ్లు. కోత అయ్యాక ఆ చేలల్లో మిడతలు, పురుగులు, రాలిన గింజలు ఉండేవి. తెల్లవారుజామున మగపిట్ట గొంతు సంచి ఉబ్బించుకొని చేసే కూత చాలా దూరం వినిపించేది. రైతుకు దానితో పేచీ లేదు. చేలో పిట్ట తిరుగుతుంటే కాడి ఆపి చూసిన రైతులు నాకు తెలుసు.

ఆ తరవాత నీళ్లొచ్చాయి. శ్రీశైలం కుడి కాలువ పనులు, అలగనూరు జలాశయం, వాటి వెంట బోర్లు. కరువు సీమలో నీళ్లొస్తే రైతు ఊరుకుంటాడా, ఊరుకోకూడదు కూడా. కొర్ర పోయింది, జొన్న తగ్గింది. పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు, మిరప వచ్చాయి. వాటితోపాటు మందులు కొట్టడం వచ్చింది, మిడతలు పోయాయి. కరెంటు తీగలు వచ్చాయి. ఈ పిట్టకు ముందుచూపు తక్కువ, ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న తీగ కనిపించదు. మా కందకం లోపల అంతా బాగానే ఉంది. గడ్డి పచ్చగా ఎదిగింది. ఆ గడ్డికి కృష్ణజింకలు పెరిగాయి, వందల్లో పెరిగాయి. అవి రాత్రిపూట బయటికి వచ్చి పైర్లు మేశాయి. పిట్టతో పేచీ లేని రైతుకు జింకతో పేచీ మొదలైంది. నష్టపరిహారం కావాలంటే రెవెన్యూ వాళ్లు రావాలి, పంచనామా రాయాలి, కాగితం పైకి పోవాలి. కాగితం తిరిగొచ్చే లోపల ఇంకో పంట పోయేది. అభయారణ్యం అన్న మాటే చేదైపోయింది ఆ ఊళ్లలో. పదుల్లో కనిపించిన బట్టమేకలు ఒకటీ అరా అయ్యాయి, తరవాత ఏళ్లకేళ్లు ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు దేశం మొత్తంలో 150కి లోపే మిగిలాయని అంచనా. అందులో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే.

రాష్ట్ర స్థాయిలో ప్రణాళిక అనేది ఇలాంటి చోటే కావాలి. గార్డు కందకం కాపలా కాయగలడు. కాలువ ఎటు తవ్వాలో, ఏ పంటకు మద్దతు ఇవ్వాలో, కరెంటు తీగ భూమి లోపల పోవాలో పైన పోవాలో గార్డు నిర్ణయించలేడు, డీఎఫ్ఓ కూడా నిర్ణయించలేడు. ఇరిగేషను, వ్యవసాయం, విద్యుత్తు, రెవెన్యూ, ఫారెస్టు ఒక్కచోట కూర్చుని ఒకే పటం మీద చెయ్యి పెట్టాలి. అందుకే రాష్ట్రానికి ఒక ప్లాను ఉండేది. ఆ బల్ల దగ్గర గడ్డి నేల గురించి అడిగేవాడే లేకపోతే 614 హెక్టార్ల చుట్టూ గీత గీసి చేతులు కడుక్కోవడమే అవుతుంది.

గడ్డి నేల గురించి అడిగేవాడు ఎందుకు ఉండడో కూడా చెప్తాను. దేశంలోని భూములను ఉపగ్రహాలతో కొలిచే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ మన హైదరాబాదులోనే, బాలానగర్‌లో ఉంది. అక్కడి నిపుణుల పని మీద నాకు గౌరవం ఉంది. ఆ కొలతల ఆధారంగానే కేంద్ర ప్రభుత్వం వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ వేస్తుంది. అందులో పొదలున్న నేల, పలచబడ్డ పచ్చిక బయలు పనికిరాని భూముల వరుసలో ఉంటాయి. బట్టమేక, కృష్ణజింక, తోడేలు, నేలనెమలి, కలివి కోడి బతికే నేలంతా ఆ వరుసలోదే. పటంలో పనికిరానిదని రంగు పడ్డాక ఆ నేల ఏ సంస్థకు కావాలంటే ఆ సంస్థకు సిద్ధంగా ఉన్నట్టే. మా కర్నూలు వైపే గని, శకునాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. సౌర విద్యుత్తు వద్దని ఎవరంటారు? బొగ్గు కంటే వెయ్యి రెట్లు నయం. కానీ అన్ని వేల ఎకరాలు తీసుకునే ముందు అక్కడ ఏ పిట్ట గుడ్డు పెడుతోంది, ఏ తోడేలు పిల్లల్ని దాస్తోంది అని తిరిగి చూసే ఏర్పాటు ఉండాలి. దట్టమైన అడవిని ముట్టుకోవాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడ్డం వస్తుంది, ఢిల్లీ దాకా పోవాలి. గడ్డి నేలకు ఆ అడ్డం లేదు, తహసీల్దారు సంతకంతో మొదలవుతుంది. మా రోజుల్లో అది బంజరు, పోరంబోకు. ఊరి పశువులు మేసేవి, ఊరు కావలి కాసుకునేది. చట్టం లేకపోయినా ఆ నేలను కనిపెట్టుకొని ఉండే మనుషులుండేవారు.

అలా నేలను ఎరిగిన మనిషి వల్లనే కలివి కోడి దొరికింది. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు పాఠంగా చెప్పాలి. 1848లో జెర్డన్ అనే వైద్యుడు ఆ పిట్టను ప్రపంచానికి పరిచయం చేశాడు. 1900 తరవాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లి ప్రాంతంలో ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అంతకుముందే ఊరూరా తిరిగి, పిట్టలు పట్టేవాళ్లకు బొమ్మలు చూపించి, వాళ్లను నమ్మి, వాళ్లు చెప్పింది వింటూ వచ్చాడు. ఎనభై ఏళ్ల పైన పుస్తకాల్లో లేని పిట్ట ఆ ఊళ్ల వాళ్లకు తెలుసు. రెండేళ్లలో, 1988లో, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

తరవాతి కథ అంతకంటే ముఖ్యం. ఆ పిట్టకు ఎలాంటి నేల కావాలో పాదముద్రలు పడే ఇసక పట్టీలు వేసి, కెమెరాలు పెట్టి, పరిశోధకులు తేల్చారు. మరీ చిక్కటి పొదలు పనికిరావు, మరీ బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, నడుమ నడవడానికి ఖాళీ నేల ఉండాలి. అంటే మేకలు అసలు రాకుండా చేస్తే పొదలు ముదిరి పిట్ట పోతుంది, మేకలు మితిమీరితే పొదలు పోయి పిట్ట పోతుంది. ఎన్ని మేకలు, ఏ నెలలో, ఎంతసేపు అన్నదే అక్కడ ప్లాను. దాన్ని కాపరితో కూర్చుని రాయాలి, వేరే దారి లేదు. 2005 ప్రాంతాల్లో తెలుగుగంగ కాలువ ఆ పిట్ట తిరిగే నేల మీదుగానే పోతుందని తేలితే పెద్ద గొడవ జరిగింది. చివరికి కాలువ దారి మార్చారు. అరచేతిలో పట్టే పిట్ట కోసం ప్రభుత్వం కాలువను పక్కకు తిప్పింది! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండుతుంది. ఆ పట్టుదల తరవాత కొనసాగలేదు. పిట్ట ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడంతో, అది ఉన్నా లేకపోయినా ఫరవాలేదన్నట్టు ఆ చుట్టుపక్కల పొద నేలలు నిమ్మ తోటలకూ రోడ్లకూ కొంచెం కొంచెంగా పోతూ వచ్చాయి.

నీటి పక్షుల సంగతికొస్తే కొల్లేరు. నేను అక్కడ పనిచేయలేదు, పనిచేసినవాళ్ల బాధ దగ్గరుండి విన్నాను. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర పెద్ద పెలికాన్ల కాలనీ చూసి రాశారు. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది. తరవాత సరస్సు గర్భంలోకి చేపల చెరువులు వచ్చాయి. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు, అంటే అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. ఆ గీత లోపల తరాల నుంచి ఊళ్లున్నాయి, జిరాయితీ పట్టాలున్నాయి, లంక గ్రామాల వడ్డెలకు చేపే బతుకు. 2006లో యంత్రాలు పెట్టి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్లు తెగ్గొట్టినంత శ్రద్ధ ఆ కుటుంబాలకు వేరే బతుకు చూపించడంలో పెట్టలేదు. గట్లు మళ్లీ లేచాయి. 2008లో అయిదో కాంటూరును మూడుకు దించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దించొద్దంది. అప్పటినుంచి ఇప్పటిదాకా గీత ఎక్కడుండాలన్న తగాదాయే. సరస్సులోకి వచ్చే తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు ఏం తెస్తున్నాయి, సముద్రానికి పోయే ఉప్పుటేరు ఎంత పూడింది అన్న మాట గీత తగాదాలో పడి వెనక్కి పోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లు చివరికి చేరాల్సింది కొల్లేరులోకే అని టీవీల్లో అందరికీ గుర్తొచ్చింది. కొల్లేరును కాపాడే ప్లాను కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువల ప్లాను కూడా అయివుండాలి. పక్షుల ప్లాను ఒకటి, వరదల ప్లాను ఒకటి విడివిడిగా రాసినంతకాలం రెండూ పనిచేయవు.

నేలపట్టుదీ ఇదే తంతు. 1976 నుంచి అభయారణ్యం. పెలికాన్లు అక్కడి చెరువులో నీటి కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి, పిల్లలకు చేపలు పులికాట్ సరస్సు నుంచి తెస్తాయి. పులికాట్‌కు సముద్రం నీళ్లొచ్చే ముఖద్వారాలు పూడుతుంటే నేలపట్టులో చెట్లకు కంచె వేసి ప్రయోజనం ఏముంది? సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేస్తారు, పిల్లలు వచ్చి పక్షుల్ని చూస్తారు, అది మంచిదే. ఆ పండుగకు కూడే మంత్రులందరూ ఒక్కపూట ముఖద్వారాల దగ్గర నిలబడి జాలర్లతో మాట్లాడితే ఇంకా మంచిది.

ఊళ్లే కాపాడిన చోట్లు చూడండి. అనంతపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల నడుమ చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకుంటారు ఆ ఊరివాళ్లు. చెట్టు కొట్టరు, కొట్టనివ్వరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళంలో తేలినీలాపురం, అన్నీ అలాంటివే. ఏ ప్లానూ రాకముందే ఆ పక్షులకు అక్కడ కావలి ఉంది. కానీ మేత మాత్రం ఊరి చేతిలో లేదు. ఆ మధ్య తేలినీలాపురంలో పెలికాన్లు పెద్ద సంఖ్యలో చనిపోతే కడుపులో పురుగులు కారణమన్నారు, చేపల చెరువుల్లో తిన్న మేత నుంచి వచ్చి ఉంటాయన్నారు. ఊరు చెట్టును కాపాడుతుంది, పది కిలోమీటర్ల అవతలి చెరువును ఎలా కాపాడుతుంది? అక్కడ రాష్ట్రం చెయ్యి వేయాలి.

రాష్ట్రం చెయ్యి అంటే రాష్ట్ర వన్యప్రాణి మండలి. ముఖ్యమంత్రే అధ్యక్షుడు. 2002 సవరణకు ముందు దాన్ని సలహా మండలి అనేవారు. చేతిలో అధికారం తక్కువే, కానీ ఏ జంతువు ఎక్కడ తగ్గింది, ఏ చోటును కొత్తగా కాపాడాలి అన్న చర్చ దానికి తగిన పని అనుకునేవాళ్లం. ఇప్పుడు అధికారం పెరిగింది, అజెండా మాత్రం రోడ్డుకు అనుమతి, పైపులైనుకు అనుమతి, టవరుకు అనుమతి అన్న కాగితాలతోనే నిండిపోతోంది. అనుమతులు చూడాల్సిందే, చట్టం ఆ పని దానికి అప్పగించింది. ఆ కాగితాలు అయిపోయాక జంతువుల కోసం ఒక పూట మిగలాలి కదా. ఏ జీవానికి ఎంత నేల కావాలి, ఆ నేల ఎవరి చేతిలో ఉంది అని రాష్ట్రం మొత్తానికి ఒక లెక్క తీసే పని ఆ మండలిది కాకపోతే ఇంకెవరిది?

ఊరివాళ్లను ముందు అడగకపోతే ఏమవుతుందో 2025లో తెలంగాణలో చూశాం. కవ్వాల్ పులుల అభయారణ్యానికీ మహారాష్ట్ర తడోబాకూ నడుమ ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవులున్నాయి. తడోబా పులులు ఆ దారిన వస్తున్నాయి, అక్కడే పిల్లల్ని కంటున్నాయి. ఆ దారిని కాపాడాలన్న ఆలోచన నూటికి నూరుపాళ్లూ సరైనది. మే నెలాఖరులో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. ఆదివాసీలు రోడ్డెక్కారు. జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపేసింది. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని చట్టంలోనే ఉంది. ఒక్కో గూడెంలో ఒక్కో సాయంత్రం కూర్చుని, మీ పోడు ఎవరూ తీసుకోరు, మీ పశువు పోతే వారంలో డబ్బు వస్తుంది అని మాటిచ్చి, ఆ మాట ముందు నిలబెట్టుకొని చూపించి ఉంటే ఈ పాటికి ఆ పులి దారికి ఒక దిక్కు ఏర్పడేది. నేను పనిచేసిన నల్లమలలో చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, పోయి మాట్లాడకుండా ఒక ఫైర్ లైను కూడా గీసేవాళ్లం కాదు. వాళ్లకు నచ్చకపోతే ఆ లైను నిలవదని మాకు తెలుసు.

ఇప్పుడు బాగుపడినవి లేవని నేననను. పులి పాదముద్రకు అద్దం పెట్టి, కాగితం మీద గీసి, ఇది ఫలానా పులి అని మేం లెక్కించేవాళ్లం. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులుండి అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతి పోయింది, పోవాల్సిందే. కెమెరా చారలు చూసి చెప్తుంది, అబద్ధం ఆడదు. దేశంలో 2006లో 1,411గా తేలిన పులుల అంచనా 2022కు 3,682కు చేరింది. ఇది ఇప్పటివాళ్ల ఘనతే, మనసారా ఒప్పుకుంటాను. నాగార్జునసాగర్ శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల అమ్రాబాద్ అయింది, ఇవతల పాత పేరుతో మిగిలింది. రెండు ప్రభుత్వాలు, రెండు ప్లాన్లు. నల్లమల నుంచి దక్షిణంగా శేషాచలం వైపు పులులు కదులుతున్న దారి గురించి ఇప్పుడు మాట్లాడుతున్నారు, సంతోషం. ఆ దారిలో చాలా చోట్ల అడవి సన్నగా ఉంటుంది, నడుమ రోడ్లు, రైలు పట్టాలు, పొలాలు. దాన్ని కాగితం మీద ఆకుపచ్చ గీతగా గీస్తే సరిపోదు. ఏ వంతెన కింద నుంచి పులి పోతుందో, ఏ చేలో రాత్రి కరెంటు తీగ పెడతారో తెలిసిన బీటు గార్డు కావాలి. ఆ గార్డు పోస్టే ఖాళీగా ఉంటే? ఉన్నవాడికి రెండు బీట్లు అప్పగిస్తే? ఫోనులో ఎన్ని కిలోమీటర్లు నడిచాడో నమోదవుతుంది, ఏం చూశాడో ఎవరూ అడగరు. బేస్ క్యాంపుల్లో కాపలా కాసే చెంచు కుర్రాళ్లకు జీతం నెలనెలా అందేట్టు చేస్తే అంతకంటే పెద్ద పులుల ప్లాను ఇంకొకటి ఉండదు.

ఏనుగుల విషయం మాట్లాడితే ఇంకో వ్యాసం అవుతుంది. 1980లలో కర్ణాటక, తమిళనాడు వైపు నుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇన్నేళ్ల తరవాత 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందినవి, తెచ్చుకున్నాం. తెచ్చుకోవడం మంచిదే. ఆ మూడు రాష్ట్రాల అడవులకు కలిపి ఒకే ప్లాను ఇంకా ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. రాష్ట్రం ఈసారి ప్లాను రాసేటప్పుడు రిజర్వు ఫారెస్టు పటంతో మొదలుపెట్టకండి. అడంగల్‌తో మొదలుపెట్టండి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో అందులో ఉంటుంది, ఇప్పుడైతే ఈ-క్రాప్‌లో ఫోటోతో సహా ఉంటుంది. రోళ్లపాడు చుట్టూ ఉన్న ఊళ్లలో ఇప్పటికీ మెట్టగా మిగిలిన చేలెన్ని, పశువులు మేసే పోరంబోకు ఎంత మిగిలింది, ఏ లైను తీగలు ఎటు పోతున్నాయి అన్నది వారం రోజుల్లో తీయగలిగిన లెక్క. బట్టమేక రాకపోవచ్చు. నేలనెమలికి ఇంకా ఆశ ఉంది. వానాకాలంలో గడ్డిలో పైకెగిరి జతను పిలిచే ఆ చిన్న పిట్టకు కొర్ర, జొన్న చేలు, వాటి నడుమ ముట్టుకోని పచ్చిక చాలు. చిరుధాన్యాలకు ఇప్పుడు పట్నంలో గిరాకీ ఉంది. మందు కొట్టకుండా కొర్ర వేసే రైతుకు ఎకరాకు ఇంత అని ప్రభుత్వం కట్టుబడితే, పైన మంచి ధరా వస్తే, వేసే రైతులు ఆ ఊళ్లలో ఉన్నారు. జింకలు మేసిన చేనుకు పరిహారం పంట కోతలోపే చేతిలో పడాలి. వాటి సంఖ్య గురించి శాస్త్రజ్ఞులు ఏం చెప్తే అది రైతుల ముందే చెప్పాలి. ఇదంతా మే నెల లోపల, విత్తనం నేలలో పడకముందే కుదరాలి. ఆగస్టులో మంజూరయ్యే డబ్బుతో ఆ ఏటి కొర్ర చేను రాదు.